నల్లబడిన ప్యాడ్

వేంపల్లె, గురువారం రాత్రి

ఈ పొద్దున కూడా మా ఆవిడ అరికాళ్ల నుంచి ఊడదీసిన ప్యాడ్లు బొగ్గులా ఉన్నాయి. "చూడండి, ఒంట్లో విషమంతా ఎట్ల దిగిందో" అని నా ముఖం ముందు పెట్టింది.

డోన్ నుంచి ఆమె తమ్ముడు తెచ్చిచ్చాడు. జపాన్ సరుకట. రాత్రి అంటించుకుని పడుకుంటే షుగరు కూడా తగ్గుతుందట. అతని మాట మీద నాకెప్పుడూ గురి లేదు. కానీ ఆమె నాలుగు రోజులుగా షుగరు మాత్రలు మానేసిందని ఈరోజే తెలిసింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

మా అంగడికి కొత్త టీ పొడి వస్తే తడిగుడ్డ మీద చల్లి చూస్తాను. రంగు దిగిందంటే కల్తీ. ఈ ప్యాడ్లకూ అట్లాంటి పరీక్ష పెట్టాలని ఇన్నాళ్లూ ఎందుకు తోచలేదో! సాయంత్రం ఒక కొత్త ప్యాడ్ తీసి, ఎవరి కాలికీ అంటించకుండా, దాని మీద కాసిని నీళ్లు చిలకరించాను. కాసేపటికే నల్లబడింది. దొంగ దొరికాడని సంబరపడి ఆమెను పిలిచి చూపించాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మన బోరు నీళ్లల్లో విషం ఉండాదని నేను ముందు నుంచీ చెప్తానే ఉండా. ఇప్పుడన్నా నమ్ముతారా?"

నిజమే, ఆ బోరు నీళ్లు తాగే మా వీధిలో చాలామంది పళ్ల మీద ఫ్లోరైడ్ మరకలే.

మళ్లీ రెండు ప్యాడ్లు అంటించుకుని పడుకుంది. మాత్రల అట్ట కదల్లేదు. రేపు షుగరు పరీక్షకు రమ్మంటే వస్తుందో, రాదో...

దాహంగా ఉంది. బోరు నీళ్ల చెంబు పక్కనే ఉన్నా తాగబుద్ధి కావడం లేదు.