సినిమాల ఉతకని అంగీలు

నాయినా,

నీ ఏడాది మాసికం అయిన తెల్లారి తమ్ముడు నన్ను సికింద్రాబాద్‌ల మాట్లాడే సినిమాకు గుంజుకపోయిండు. అంత నవ్వులాటనే. అందుల ఒక దర్జీ కుటుంబం, వాళ్ల దుకాణం మన అమీర్‌పేట దుకాణం లెక్కనే మూతవడేటట్టున్నది. పెద్దింటి పెండ్లికి నౌకర్లందరికి అంగీలు కావాలంటే, ఇంటిల్లిపాది కూసోని ఒక్కరోజుల కుట్టిచ్చిన్రు. దుకాణం నిలబడ్డది. జనం ఒకటే ఈలలు.

నేను సుత నవ్విన. కాని వాళ్లు బట్ట నానబెట్టకుండనే కత్తెరేసిన్రు! మొదటి ఉతుకుడుకే బట్ట గుంజుకోని పొట్టిగైతదని నువ్వయితే ముందుగాల తొట్టిల వేసి, ఆరినంకనే ముట్టెటోనివి. ఆలస్యమని గిరాకీలు పంజాగుట్ట దర్జీల తానకు పోయినా ఇనకపోతివి.

టాంగాల వస్తుంటే తమ్ముడు, "సూసినవా అన్నా? నానబెట్టుడు బంద్ చేద్దాం, మనది సుత నడుస్తది" అన్నడు.

నాకేం సమజైతలేదు. వాడన్నది నిజమే అనిపిస్తది. మరి ఉతికినంక ఆ అంగీలు ఎవరికి పట్టినయో చూపెట్టకుండనే సినిమా అయిపోయె.

పొద్దుగాల ఒక కొత్త బట్ట వచ్చింది. తమ్ముడు కత్తెర పట్టుకోని కూసున్నడు. నేను తొట్టి నిండ నీళ్లు పోసి నిలబడ్డ. నువ్వుంటే ఈపాటికి ఇద్దర్ని తిట్టేటోనివి.

ఆ తిట్టు కోసమే ఇద్దరం ఆగినట్టున్నం.