మూడు ఆదివారాలు కూలిన బడిగోడ

క్లేర్ జిల్లా లిస్‌డారా గ్రామం, కీర్తిశేషులు కొనార్ టువోహీ భార్య హనోరా అను నేను, డెబ్బయ్యో ఏట, కాళ్ళు ఆడకపోయినా బుద్ధి సరిగానే ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు.

1. ఇల్లూ, ఆవులూ మా చెల్లెలి కూతురు ఊనాకు. ఈ వీలునామా అమలు చేయవలసిందీ అదే. ఎర్రావు తంతుంది, పాట పాడుతూ పితకాలి.

2. మా ఆయన పార మరిది డెనిస్‌కు. నలభై ఏళ్ళుగా నా వెనక "గొడ్రాలు" అన్నాడు. కింది మూడో షరతు చదివాక ఆ పార పట్టుకోవడానికి చేతులొస్తే పట్టుకోమనండి.

3. బడి వెనకున్న దిబ్బను ఎవరూ తవ్వకూడదు. 1931లో మా మామగారు బడి కట్టమని ఇచ్చింది ఆ దిబ్బనే. గోడ మూడుసార్లు కూలింది. "దిబ్బలో ఉండే కనపడనివాళ్ళకి కోపమొచ్చింది" అని తాపీమేస్త్రి పారిపోతే, బడిని కింద చిత్తడి నేలలో కట్టారు. ఏటా పిల్లలు ఈ కథ నా దగ్గరే రాసుకుపోతారు. "వాళ్ళ దారికి అడ్డం కడితే ఊరుకుంటారా నాయనా!" అని చెప్పింది నేనే. ఇప్పుడు బడి పెంచడానికి దిబ్బ చదును చేస్తారట. "దయ్యాలకి నోటీసు పంపుదాంలెండి, పెద్దమ్మా!" అని ఇంజనీరు నవ్వాడు. జనానికి దిబ్బంటే భయం పోయింది కనుక నిజం చెప్పక తప్పదు.

ఆ గోడ కూల్చింది నేను. ఆ ఏడాదే నాకు పుట్టిన ఆడపిల్ల బాప్తిస్మం అందకముందే పోయింది. అలాంటి బిడ్డకు చర్చి శ్మశానంలో చోటివ్వరు. మా ఆయన సబ్బుపెట్టెలో పెట్టి, ఆ పారతోనే తవ్వి దిబ్బమీద పాతి, తెల్లరాయి ఉంచాడు. ఊళ్ళో ఎందరి పిల్లలో అక్కడే ఉన్నారు. పునాది తీస్తుంటే ఒక్క తండ్రీ నోరెత్తలేదు. మా ఆయనా ఎత్తలేదు, అది నేను క్షమించలేదు. పురిటాలికి ఫాదర్ గారు శుద్ధి దీవెన ఇచ్చేదాకా చర్చిలో అడుగుపెట్టనివ్వరు. నాకింకా ఆ దీవెన అందలేదు కనుక, మూడు ఆదివారాలు ఊరంతా పూజలో ఉండగా వెళ్ళి, సున్నం ఆరని రాళ్ళు ఈ చేతులతో పీకాను. "అందరం చర్చిలోనే ఉన్నాం కదా, ఇంకెవరు కూలుస్తారు?" అన్నారు. నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

4. బడికి నా రోడ్డు పక్క పొలం ఇస్తున్నాను. దిబ్బమీద ఒక్క పార పడినా ఆ పొలం ఊనాదే.

5. నన్ను మా ఆయన పక్కన పాతిపెట్టవద్దు. తెల్లరాయి పక్కన పెట్టండి. బిడ్డకు అప్పుడు పేరు పెట్టనివ్వలేదు. ఇప్పుడు పెడుతున్నాను, నోరీన్. రాయి మీద ముందు దాని పేరు చెక్కించాలి.

1974 నవంబరు 9.
(చేవ్రాలు) హనోరా టువోహీ

సాక్షులు:
తోమాస్ హెహర్. మా పిల్లలు ఇద్దరున్నారా దిబ్బలో.
డీలియా లిలిస్. మావాడొకడు.