సింకు కింద పైపు

ప్రిన్సిపాల్ గారికి,

సమస్త ప్రజానీకానికి ఇందుమూలంగా తెలియజేయునదేమనగా, మీ ల్యాబులో కుళాయిలు తళతళా మెరుస్తున్నాయి.

కెమిస్ట్రీయే చదువుతానని పట్టుబట్టిన మా మేనకోడలు ఆ మెరుపు చూసే మీ కాలేజీలో చేరింది. మర్నాడు నేనొచ్చాను. ప్లంబరు చెయ్యి ఊరుకుంటుందా? ఓ కుళాయి తిప్పాను, చుక్క రాలేదు. వంగి చూస్తే సింకు కింద పైపే లేదు!

"అడ్మిషన్లయ్యాక నీళ్లొస్తాయి బాబాయ్" అన్నాడు మీ గుమస్తా.

నీళ్లు లేకుండానే పిల్లల్ని ముంచడం మీకే చెల్లింది. పైగా సర్టిఫికెట్లు తిరిగిమ్మంటే మూడేళ్లాగమన్నారే, సిగ్గుండక్కర్లేదా? తనిఖీ ఆఫీసరైన మా బావమరిది పేరెత్తాకే కదా మీ బీరువా తెరుచుకుంది!

పిల్ల నిన్న వేరే కాలేజీలో చేరింది. అక్కడి కుళాయిలు తుప్పు పట్టాయి గానీ, నీళ్లొస్తున్నాయి.

ఇట్లు,
వంగి చూసిన మేనమామ

తా.క. నాకు బావమరిదే లేడు, మీ సింకు కింద పైపు లేనట్టే.