నువ్వు చూడని పెళ్లి సినిమా

అక్కా,

నువ్వు జ్వరంతో పోయాక ఈ రెండేళ్లలో నిన్న మొదటిసారి సినిమాకు వెళ్లాను. పక్కింటి లచ్చమ్మత్త బెల్లంపల్లి టాకీసుకు లాక్కుపోయింది. నీకు నచ్చే సినిమా. డాన్సంటే ప్రాణమిచ్చే పిల్ల, డాన్సంటే మండిపడే అత్తగారు. పెళ్లిచూపుల రోజు ఆమె పెళ్లికూతురి చెల్లెల్ని పక్కకు పిలిచి, మీ అక్క ఆడుతుందా అని అడుగుతుంది. మా అక్కకు చప్పట్లు కొట్టడం కూడా రాదంటుంది చెల్లెలు. హాలంతా నవ్వింది.

"పిల్ల మస్తు హుషారున్నది! ఒక్క అబద్ధంతోని అక్క పెండ్లి నిలబెట్టింది," అంటూ లచ్చమ్మత్త నన్ను మోచేత్తో పొడిచింది.

నాకు నవ్వు రాలేదు. కరీంనగర్ వాళ్లు నిన్ను చూడవచ్చిన రోజు, పిల్లవాడి తల్లి నన్నూ అడిగింది.

"మీ అక్క రేడియో పెట్టుకొని ఎగురుతదట, నిజమేనా బిడ్డా?"

కాన్వెంటులో సిస్టర్లు నేర్పినట్టు నిజమే చెప్పాను. పైగా గర్వంగా, "మంచిగ ఆడుతది" అన్నాను. ఆ అబ్బాయి నీకు నచ్చాడని నాకు తెలుసు. వారం తిరక్కుండా వాళ్లు వద్దని కబురు పంపారు.

నువ్వు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ ఏడు బతుకమ్మకు మాత్రం అరుగు మీదే కూర్చున్నావు. నేను చెయ్యి పట్టి లాగితే, "కాలు నొస్తున్నది చెల్లె, నువ్వు పో" అన్నావు.

మరునాడు పొద్దున్నే బావి నుంచి రెండు బిందెలు మోసుకొచ్చావు. కాలు ఎట్లా ఉందని నేను అడగలేదు.