శుక్రవారం ముడి

అద్దంకి,
గురువారం.

కోడలు శాంతికి, మీ అత్త రాహేలమ్మ దీవెనలతో రాసేది. ప్రభువు దయ వల్ల ఇక్కడ ముగ్గురం వేళకి తిని తిరుగుతున్నాం. నీ పోలీసు ట్రైనింగులో పరుగులు తగ్గాయని రాశావు, మోకాళ్లకి కాస్త విశ్రాంతి. ఫోనులో చెబుదామంటే ఆదివారం వాళ్లిచ్చే ఆ కాసేపూ జాస్మినే లాక్కుంటది. పైగా ఇది పిల్ల వింటుండగా చెప్పే సంగతి కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబు చెబుతాను. ప్రసన్నకి కోల్డ్ స్టోరేజీలో ఈ వారం రాత్రి డ్యూటీ. లారీలకి లారీలు మిరపకాయ దిగుతోంది, మనిషి ఇంటికొచ్చేది తుమ్ముకుంటూనే. వాడు పడుకునే వేళకి పిల్ల లేస్తది, పిల్ల పడుకునే వేళకి వాడు బయల్దేరతాడు. తండ్రీకూతుళ్లు గుమ్మంలో పలకరించుకుంటున్నారు. పండుమిరపకాయ పచ్చడి సీసా పంపుతున్నాను. నీ గదిలో వాళ్లకి చూసి పెట్టు, మన కారం అందరూ తట్టుకోలేరు.

పనులన్నీ ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు అత్తయ్యా అని అడిగావు. నువ్వు మూడు రంగుల్లో రాసి ఫ్రిజ్‌కి అంటించి పోయిన కాగితం అట్లాగే ఉంది. బాగానే రాశావు. కానీ దాని దగ్గరికి పోయి చూడాలన్న సంగతి కూడా గుర్తుండాలిగా? నా పద్ధతి నాది. పనికో ముడి, కొంగున. కుళాయి నీళ్లకొకటి, గ్యాసు బండకొకటి, స్త్రీల కూటానికొకటి. పని అవగానే విప్పేస్తాను. మా అమ్మ పత్తి చేలోకి పోతా ఇట్లాగే వేసుకునేది.

"ఇబ్బందిగా ఉంటే ఒక్క మాట చెప్పండి, మానేసి వచ్చేస్తాను" అని రాశావు చూడు, దానికి జవాబు రాయలేకే ఇన్నాళ్లు పట్టింది.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పిల్లని ఆటోలో తెచ్చే సుభానీ పోయిన గురువారమే చెప్పాడు, "అమ్మా, రేపు జుమ్మాకి పోవాలి, బడి వదిలే టయానికి రాలేను. పాపని మీరే తెచ్చుకోండి" అని. వాడి ముందే, పిల్ల ముందే ముడి వేశాను. ఆ రాత్రి పక్కింటి అంకమ్మ పోయింది. నాతో కాయ కోతలకి తిరిగిన మనిషి. మర్నాడు పొద్దున సాగనంపి వచ్చి, తలారా స్నానం చేసి, వేరే చీర కట్టుకుని పడుకున్నాను.

పిల్ల బడి గేటు దగ్గరే ఎండలో నిలబడింది. నమాజయ్యాక తిరిగొస్తా సుభానీ చూసి తీసుకొచ్చాడు. మొహమంతా కందిపోయింది. టీచరు లోపల కూర్చోమన్నా కూర్చోలేదంట. "నేను లోపలికి పోతే నానమ్మకి కనపడను కదా" అందంట.

ప్రసన్నకి మాత్రం నిద్ర పట్టేసిందని చెప్పాను. "పోన్లే అమ్మా, అలిసిపోయుంటావు" అన్నాడు. నీకు అట్లా చెప్పను. స్నానానికి ముందు చీర బకెట్లో నానేస్తా ఆ ముడి చూశాను శాంతీ. చేత్తో పట్టుకున్నాను. ఎందుకు వేశానో తట్టలేదు. నిలబడి చాలాసేపు ఆలోచించాను. పాత ముడేలే అనుకుని విప్పి సబ్బు పెట్టాను. నేను నిద్రపోయింది ఆ తర్వాతే.

నిన్న కుళాయి దగ్గరికి బిందె తీసుకుపోదామని చూస్తే అన్నీ నిండే ఉన్నాయి. "పొద్దున నువ్వే పట్టావుగా నానమ్మా" అంది జాస్మిన్. నాకు భయమేస్తోంది.

ఈ ఉద్యోగం కోసం పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని చదివావు. నేను చూశాను. వచ్చేయమని రాయడానికి చెయ్యి రాదు. ఏం పర్లేదని రాయడానికీ రావట్లేదు. నన్ను నమ్మి పిల్లని వదిలి వెళ్లావు, ఇంకా నమ్మాలో వద్దో నువ్వే చెప్పు. ప్రసన్నతో చెప్పించకు, నాకే రాయి. బాధపడనని అనను గానీ, నువ్వు రాసినట్టే చేస్తాను.

రేపు మళ్లీ శుక్రవారం. ఏదో వంక చెప్పి ప్రసన్ననే బడికి పంపుతాను. సోమవారం నుంచి పిల్ల అరచేతిలో సుభానీ నంబరు రాసి పంపుతున్నాను, నానమ్మ రావాల్సిన రోజు రాకపోతే టీచరుకి చూపించమని. ఎందుకు రావు అని రోజూ అడుగుతోంది.

ఇట్లు,
జాస్మిన్ నానమ్మ
రాహేలమ్మ