మగ్గం గదికి సీలింగు

వదినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అప్పటినుంచి అన్నయ్య మగ్గం ముట్టలేదు. మస్కట్‌లో పరాయి ఇళ్లకు సీలింగులు వేసిన నేను, ఈరోజు కాశిబుగ్గలో మన మగ్గం గదికి వేశాను. పెంకుల దుమ్ము నూలు మీద పడకుండా పైన నువ్వు కట్టిన పాత చీరను విప్పబోతే, "జర ఆగురా, నేనిప్పుత" అంటూ అన్నయ్య స్టూలెక్కాడు. ముడులు విప్పడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత ఇటుక గోడలకు చెక్క పట్టీలు కొట్టాము. నేను మేకులు దిగగొడుతుంటే, హార్డ్‌బోర్డు షీటును తలతో ఎత్తిపట్టుకుని అన్నయ్య నవ్వాడు.

తల్లి లేని నన్ను పెంచి, ఈ పని నేర్చుకొమ్మని పంపింది నువ్వే.

సాయంత్రం అన్నయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. "తెగిన పోగులు అతుకు తమ్మీ" అన్నాడు.

మగ్గం చప్పుడు వింటూ ఇది రాస్తున్నాను. నీకు దండం, వదినా.