ఏడో నంబరుకు శాలువా

పోర్టు క్వార్టర్స్,
విశాఖపట్నం.

గౌరవనీయులు ఫక్రుద్దీన్ అన్నయ్యగారికి, చంద్రిక నమస్కారాలు.

మోకాలి ఆపరేషన్ తర్వాత మీరు ఆనందపురంలో అబ్బాయి షానవాజ్ ఇంట్లో కోలుకుంటున్నారని మీ మనవరాలు నర్గీస్ చెప్పింది. ఫోన్లో నేనేం చెప్పినా సరిగా వినపడక మీరు "ఆఁ, సరే" అని పెట్టేస్తారు. అందుకే ప్రాక్టీసుకు వచ్చిన నర్గీస్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మన యునైటెడ్ ఫ్రెండ్స్ ఫుట్‌బాల్ క్లబ్‌కు నెలాఖరు ఆదివారం సర్వసభ్య సమావేశం. పదిహేనుమంది పాత సభ్యుల సంతకాలు పడకపోతే నియమావళి ప్రకారం క్లబ్ రద్దవుతుంది. గ్రౌండు లారీల పార్కింగుకు పోతుంది. నర్గీస్ వాళ్ళ ఆడపిల్లల జట్టుకు జిల్లా లీగులో చోటు ఉండదు. మావారు మోహనకృష్ణ పేరుకే సెక్రటరీ. కిందటేడు ఆయన నోటీసులు పంపితే ఆరుగురు వచ్చారు. అందులో ఇద్దరు మిరపకాయ బజ్జీలు తిని సంతకం పెట్టకుండా వెళ్ళారు. ఇదే ఆఖరి అవకాశం.

నా వంతుగా క్లబ్ చరిత్ర రాసి ఆ రోజు పంచిపెడదామనుకున్నాను. నేను ఒక్క మ్యాచీ చూసి ఎరుగను. కానీ పెళ్ళై వచ్చినప్పటినుంచి ఇరవై ఏళ్ళు జట్టు చొక్కాలు ఉతికి మేడమీద ఆరేసినదాన్ని. ఆటగాళ్ళు నాకు నంబర్లతోనే తెలుసు. నాలుగో నంబరు పక్కకు జారేవాడు. పదో నంబరు పరుగెత్తడం కన్నా నిలబడడం ఎక్కువ. అందరిలోకీ గొప్పవాడు ఏడో నంబరు. ఒక్క మ్యాచీ మానలేదు. వీపూ ఛాతీ బురదే బురద, కాలర్ మాత్రం మల్లెపువ్వులా ఉండేది. అంత పద్ధతైన మనిషికి శాలువా కప్పాలని ఉంది. ఆయనెవరు?

ఇట్లు,
మీ చెల్లెలు చంద్రిక

తా.క.: కవరు అన్నం మెతుకులతో అంటించాను. నర్గీస్ విప్పితే తెలిసిపోతుంది.

*

ఆనందపురం.

చిరంజీవి చెల్లెమ్మ చంద్రికకు, ఫక్రుద్దీన్ దువాలతో రాసేది.

చరిత్ర రాస్తానన్నావు కాబట్టి మొదటి పేజీ నేను చెబుతాను. అప్పట్లో పోర్టు క్వార్టర్లకూ మా వన్ టౌన్‌కూ మధ్య గోడ ఉండేది. అటు గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళ పిల్లలు, ఇటు మేము. మా బంతి అవతల పడితే ఒకడు గోడ దూకేవాడు. అటువాళ్ళు వాణ్ణి కొట్టేవారు కాదు, మనిషి తక్కువయ్యాడని ఆటలో కలిపేసుకునేవారు. బంతి కోసం వెళ్ళినవాడు చీకటి పడ్డాకగాని తిరిగొచ్చేవాడు కాదు. చివరికి ఎవరు ఎటువాళ్ళో మర్చిపోయి అందరం కలిసి క్లబ్ పెట్టుకున్నాం.

పదో నంబరు చలమయ్య. ఒక్క మ్యాచీ చూడకుండా అతన్ని ఎంత బాగా పట్టావమ్మా!

ఇక ఏడో నంబరు. ఎలా చెప్పను? ఎప్పుడూ నా గోల్‌పోస్టు పక్కనే. ఎండైనా వానైనా అక్కడే. ఒక్క గోలూ కొట్టలేదు. నోరు తెరిచి ఒక్క మాట అనగా నేను వినలేదు. సేవ మాత్రం చాలా గొప్పది. కానీ శాలువా కప్పడం కష్టం. ఆ ఆలోచన మానుకో తల్లీ.

దువాలతో,
ఫక్రుద్దీన్

తా.క.: కవరు విప్పే వచ్చింది. మెతుకులు చీమలు తినేశాయని నర్గీస్ అంటోంది.

*

పోర్టు క్వార్టర్స్.

పూజ్యులైన అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నా కళ్ళు చెమర్చాయి. ఎప్పుడూ గోల్‌పోస్టు దగ్గరే ఉండేవాడు, గోల్ కొట్టనివాడు, గొప్పలు చెప్పుకోనివాడు గోల్‌కీపరు కాక ఇంకెవరు? ఆ ఏడో నంబరు మీరే! మొహమాటంతో తిప్పి తిప్పి రాశారు.

సన్మానం సంగతి మావారు టీకొట్టు దగ్గర ఒక్కసారి అన్నారు. మర్నాడే చలమయ్యగారు భార్య వరహాలమ్మను వెంటబెట్టుకుని సబ్బవరం నుంచి బస్సులో దిగారు.

"నాను కాకపోతే ఇంకెవులమ్మా ఏడో నంబరు?" అన్నారు కూర్చోకుండానే.

"మీది పదో నంబరు కదా?"

"పది పేరుకేనమ్మా. మనసంతా ఏడులోనే ఉండీది."

వరహాలమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఈయన ఏడో పదో నాకెందుకు గానీ, శాలువా రంగేటో సెప్పమ్మా. పక్కన నిలబడాల కదా, సీర సూసుకోవాల."

సాయంత్రం క్రేన్ ఆపరేటరుగా రిటైరైన అర్జునరావుగారు ఫోటో పట్టుకొచ్చారు. అందులో ఆయన ముందునుంచి కనబడుతున్నారు. నంబరు వెనకుందట.

వీళ్ళకేం చెప్పమంటారు?

ఇట్లు,
చంద్రిక

తా.క.: వరహాలమ్మకు మెరూన్ రంగని చెప్పాను. శాలువా ఇంకా కొనలేదు.

*

ఆనందపురం.

చెల్లెమ్మా,

కుశలం తర్వాత అడుగుతాను. ముందు ఇది విను. నేను ఏడో నంబరు కాదు! నాది ఒకటో నంబరు, నల్ల చొక్కా. ఆ రంగు వదిలి మీ బకెట్టు నల్లబడిందని మోహనకృష్ణ నాతో దెబ్బలాడాడు కూడా.

అర్జునరావు మాట నమ్మకు. ఏడో నంబరు చొక్కాలో అతనికి ఒక్క చెయ్యి పడుతుంది. రెండోది బయట ఉంచుకోవాలి.

ఇక్కడ నా పరిస్థితి వేరు. నీ ఉత్తరం నర్గీస్ గట్టిగా చదివింది. మీ వదిన సర్దార్ బీ పెట్టెలోంచి నా పెళ్ళినాటి షేర్వానీ తీసి ఎండలో వేసింది. కాదు మొర్రో అంటే, "అన్నేళ్ళు గోల్లో నిలబడితే ఒక్కడూ మెచ్చుకోలేదు. ఇన్నాళ్ళకు ఆ పిల్ల మెచ్చుకుంటే కాదంటారేటి?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను చూసి గర్వపడడం ఇదే మొదటిసారి. దాన్ని నేనే చెడగొట్టుకోవాల్సి వస్తోంది.

దయచేసి సన్మానం మాట ఇక ఎవరితోనూ అనకు.

నీ అన్న,
ఫక్రుద్దీన్

తా.క.: షేర్వానీ బొత్తాలు పట్టడం లేదు. అల్లా దయ.

*

పోర్టు క్వార్టర్స్.

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందేసరికే ఆలస్యమైంది. స్టీల్ ప్లాంటు క్వార్టర్ల నుంచి ముగ్గురు, వన్ టౌన్ నుంచి నలుగురు వచ్చి వెళ్ళారు. అందరూ ఏడో నంబర్లే. ఒకాయన తను ఏడో నంబరు కాదు గానీ ఏడో నంబరుకు బంతి అందించింది తనేనని, కనీసం పూలదండైనా ఉండాలని అన్నాడు. ఆదివారం స్వయంగా వచ్చినవాళ్ళ పేర్లే చూస్తామని అందరికీ చెప్పాను.

మీరు అంతగా కాదంటున్నారు కాబట్టి ఒక పని చేయండి. మోకాలితో మీరెలాగూ రాలేరు. నిజమేమిటో కాగితం మీద రాసి, పూర్తి పేరు, దాని కింద 'వ్యవస్థాపక సభ్యుడు' అని, తారీఖు వేసి సంతకం చేసి, ఆదివారం పొద్దున్నే నర్గీస్ చేత పంపండి.

ఇట్లు,
చంద్రిక

తా.క.: సంతకానికి పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. ఎందుకని అడగకండి. నాకు కాగితాలు అలా ఉంటేనే ఇష్టం.

*

ఆనందపురం, ఆదివారం.

చెల్లెమ్మ చంద్రికకు,

నిన్నంతా ఆలోచించాను. నిజం చెబితే శాలువా లేదని మనవాళ్ళు ఇంటిదారి పడతారు, క్లబ్ పోతుంది. చెప్పకపోతే అందరి ముందూ నువ్వు నవ్వులపాలవుతావు. క్లబ్ నాకు ప్రాణమే. కానీ అన్నేళ్ళు మా బురద ఉతికిన మనిషిని నవ్వులపాలు చెయ్యలేను.

ఏడో నంబరు మనిషి కాదమ్మా. అది బంతి తుడిచే గుడ్డ.

మొదటి సెట్టు కుట్టినప్పుడు వన్ టౌన్ దర్జీ ఏడో చొక్కాను చిన్నపిల్లల కొలతకు కుట్టేశాడు. తల దూరితే చేతులు దూరలేదు. పారేయలేక గోల్‌పోస్టుకు వేలాడదీసి బంతి తుడుచుకునేవాణ్ణి. మ్యాచీ అయ్యాక చొక్కాల మూటలో పడి అదీ నీ ఇంటికి వచ్చేది. నువ్వు ఉతికి, ఇస్త్రీ చేసి, బొత్తాలు పెట్టి పంపేదానివి. ఆ ఇస్త్రీ మడత చూస్తే బంతి తుడవడానికి చెయ్యి వచ్చేది కాదు. అయినా తుడిచేవాణ్ణి.

నన్ను క్షమించు. ఇక క్లబ్‌ను దేవుడే కాపాడాలి.




షేక్ ఫక్రుద్దీన్
వ్యవస్థాపక సభ్యుడు

తా.క.: సర్దార్ బీకి ఇంకా చెప్పలేదు. షేర్వానీ బొత్తాలు జరిపి కుడుతోంది.

*

పోర్టు క్వార్టర్స్, ఆదివారం రాత్రి.

మా మంచి అన్నయ్యగారికి, చంద్రిక అనేక నమస్కారాలు.

క్లబ్ నిలబడింది. ముందు ఆ మాట సర్దార్ బీ వదినకు చెప్పి తర్వాత మిగతాది చదవండి.

ఈసారి సంతకం పెట్టినవాళ్ళకే బజ్జీలు. పద్నాలుగుమంది వచ్చారు. ఒక్కరు తక్కువ. మావారు పేర్లు మళ్ళీ లెక్కపెట్టారు. జబ్బుపడిన వ్యవస్థాపక సభ్యుడు సంతకంతో కాగితం పంపితే హాజరైనట్టే లెక్కని నియమావళిలో ఉంది. మీ ఉత్తరాన్ని ఆ నాలుగు వేళ్ళ ఖాళీ దగ్గర మడిచి, సంతకం మాత్రం అందరికీ చూపించాను. మీరే పదిహేనో మనిషి.

ఆ తర్వాత నా దగ్గరే ఉన్న ఏడో నంబరు చొక్కా బల్లమీద పెట్టి, పట్టినవాళ్ళకే శాలువా అన్నాను. చలమయ్యగారి తల ఇరుక్కుపోయింది. వరహాలమ్మ మెరూన్ చీర కుచ్చెళ్ళు దోపుకుని లాగితే బయటపడ్డారు. అర్జునరావుగారికి మీరు చెప్పినట్టే ఒక్క చెయ్యి పట్టింది. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"ఏటమ్మా, ఉతికి ఉతికి నువ్వే సిన్నది సేసేసావ్!" అన్నారు.

పద్నాలుగుమందీ అవునంటే అవునన్నారు. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అందరి పరువూ నిలబడింది.

అప్పుడు నర్గీస్ "ఇలా ఇవ్వండి మామ్మా" అని తొడుక్కుంది. అన్నయ్యగారూ, కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. తర్వాత అందరూ గ్రౌండు గీత వెంబడి నిలబడి ఆడపిల్లల ఆట చూశారు. వచ్చే ఆదివారం నుంచి చలమయ్యగారు వాళ్ళకు పరుగెత్తకుండా గోల్ కొట్టడం నేర్పుతారట. ఆ కొలతకే కొత్త చొక్కా కుడుతున్నాను. పాతది మళ్ళీ గోల్‌పోస్టు మీదకు వెళుతుంది.

ఇక మీ క్షమాపణ సంగతి. ఇరవై ఏళ్ళు చొక్కాలు ఉతికినదాన్ని. కాలర్‌కు చెమట మరక పట్టని చొక్కాను ఏ మనిషీ తొడుక్కోలేదని నాకు తెలియదా? మొదటి ఏడాదే తెలిసింది. తుడుపుగుడ్డైనా మడతపెట్టి ఇవ్వడం నా అలవాటు. సమావేశమంటే ఆరుగురు వచ్చే క్లబ్ మనది. సన్మానమంటే ఎంతమంది వస్తారో చూద్దామనుకున్నాను. మీకు ముందే చెబితే, అబద్ధమాడడం చేతకాక ఎవరికో చెప్పేసేవారు.

వదిన చేత బొత్తాలు గట్టిగా కుట్టించండి. లీగు మొదటి మ్యాచీకి మీరు షేర్వానీతో గోల్‌పోస్టు పక్కన కూర్చోవాలి. శాలువా అప్పుడు ఒకటో నంబరుకు కప్పుతాం.

ఇట్లు,
మీ చెల్లెలు చంద్రిక

తా.క. 1: వచ్చే ఏడాది సమావేశం కోసం పదమూడో నంబరు ఎవరని రేపటినుంచే అడగడం మొదలుపెడుతున్నాను. మన సెట్టులో ఆ నంబరే లేదని మీకూ నాకూ తెలుసు. చలమయ్యగారు తనేనని అప్పుడే అన్నారు.

తా.క. 2: నర్గీస్, ఇది నువ్వు చదువుతున్నావని నాకు తెలుసు. బయట నోరు మెదిపితే ఏడో నంబరు వెనక్కి తీసుకుంటాను.